ఆ రాళ్ళ కోసం ఒక్క రోజులో 500 కిలోమీటర్లు వద్దు

మెల్‌బోర్న్‌లో కొడుకో కూతురో ఉన్న రైతు సోదరులకీ, అక్కచెల్లెళ్ళకీ ఈ పోస్టు. పిల్లలు అక్కడ లేనివాళ్ళు కూడా చదవండి. మీక్కూడా ఇందులో ఒక మాట ఉంది.

మన పల్నాడు ఊళ్ళ నుంచి ఆస్ట్రేలియా వెళ్ళొచ్చే తల్లిదండ్రులు ఈమధ్య బాగానే కనపడుతున్నారు. వీసా చేతికి రాగానే పిల్లలు ఫోన్‌లో చెప్పే మాట ఒకటుంది. "నాన్నా, గ్రేట్ ఓషన్ రోడ్ తీసుకెళ్తా. పొద్దున్నే బయల్దేరితే రాత్రికి ఇంటికొచ్చేస్తాం." నేను చెప్పేది ఆ రెండో ముక్క గురించే. ఆ రోడ్డు చూడండి, తప్పకుండా చూడండి. ఒక్క రోజులో మాత్రం వద్దు. పిల్లలు బతిమాలినా వద్దు.

చూడనివాళ్ళ కోసం ముందు రోడ్డు సంగతి చెప్తా. విక్టోరియా రాష్ట్రంలో టార్కీ అనే ఊరి దగ్గర మొదలై ఆలన్స్‌ఫోర్డ్ దాకా, 243 కిలోమీటర్లు. మన విశాఖ నుంచి భీమిలి పోయే బీచ్ రోడ్డు ఉంది కదా, దాన్ని ఓ ఎనిమిదింతలు సాగదీసి, మధ్యలో శ్రీశైలం ఘాట్ మలుపులు కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క సముద్రం. మధ్యలో పోనూ రానూ ఒక్కో వరస. చివర్లో సముద్రంలో నిలబడ్డ పెద్ద పెద్ద రాతి స్తంభాలు. వాటినే పన్నెండు మంది అపోస్తలులు అంటారు. అందరూ పరిగెత్తేది వాటి కోసమే.

ఇప్పుడు లెక్క చూడండి. మెల్‌బోర్న్ నుంచి టార్కీ 100 కిలోమీటర్లు, అది ఫ్రీవే, ఇబ్బంది లేదు. టార్కీ నుంచి లోర్న్ 45, లోర్న్ నుంచి అపోలో బే ఇంకో 45. వినడానికి మన ఊరి నుంచి నరసరావుపేట పోయినట్టే ఉంది. కానీ ఆ 45కి గంట పడుతుంది, అన్నీ మలుపులే. అపోలో బే దాటాక రోడ్డు సముద్రాన్ని వదిలి ఆట్‌వే అడవిలోకి ఎక్కుతుంది. అక్కడి నుంచి రాళ్ళ దాకా ఇంకో 85. మొత్తం 275 కిలోమీటర్లు, ఎక్కడా ఆగకపోయినా దాదాపు 5 గంటలు. రావడం లోపలి దారిన కోలాక్ మీదుగా వస్తే 225 పైన, 3 గంటలు. అంటే స్టీరింగ్ మీద 8 గంటలు. దారిలో అరగంట చొప్పున ఆరు చోట్ల ఆగినా, అన్నం తిన్నా, పొద్దున 6కి బయల్దేరినవాడు ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరో ఏడో అవుతుంది.

ఇందులో మన రైతులకి ఇంకో చిక్కుంది. మనం వెళ్ళేది ఎప్పుడు? మిరప కోతలై, యార్డుకి తోలి, డబ్బులు చేతికొచ్చాక. అంటే ఏప్రిల్, మే. మన ఎండాకాలం వాళ్ళకి చలికాలం ముందు రోజులు. జూన్ వచ్చేసరికి అక్కడ సాయంత్రం 5 దాటితే చీకటే. జనవరిలో వెళ్ళినవాళ్ళకి రాత్రి 8 దాటినా వెలుతురు ఉంటుంది, అందుకే వాళ్ళు "ఏముంది, ఒక్క రోజు చాలు" అంటారు. వాళ్ళ మాట పట్టుకుని జూన్‌లో వెళ్తే తిరుగు ప్రయాణం చాలా భాగం చీకట్లోనే. కంగారూలు రోడ్డు మీదకి వచ్చేది కూడా సరిగ్గా పొద్దుగూకే వేళ. అక్కడి పల్లెల్లో బండ్ల ముందు లావాటి ఇనప గొట్టాలు బిగించుకునేది షోకుకి కాదు.

మలుపులంటే నాకు అంత భయం లేదు. మలుపులో మనిషి మెలకువగానే ఉంటాడు. నాకు భయమేసింది కోలాక్ దాటాక. అక్కడి నుంచి మెల్‌బోర్న్ దాకా తాడు లాగినట్టు డబుల్ రోడ్డు. గుంట లేదు, గేదె లేదు, హారన్ లేదు. కారులో హీటర్ వెచ్చగా తగులుతుంది. వెనక సీట్లో అమ్మానాన్నా నిద్రపోయి ఉంటారు. పొద్దున నుంచి మలుపులు తిప్పిన కుర్రాడు ఒంటరిగా కూర్చుని ఆ తెల్ల గీతలు చూస్తూ తోలాలి. శుక్రవారం రాత్రి దాకా పని చేసి, శనివారం నాలుగున్నరకే లేచినవాడు. చదువుకుంటూ రాత్రిళ్ళు పెట్రోల్ బంకులోనో గోడౌన్‌లోనో షిఫ్టు చేసే పిల్లల సంగతైతే ఇక చెప్పక్కర్లేదు.

తిరుపతి వెళ్ళి రాత్రికి రాత్రే తిరిగొచ్చే బండ్లు తెల్లవారుజామున ఏమవుతున్నాయో మనకి తెలుసు. మనింట్లో పెళ్ళికి కారు మాట్లాడితే "డ్రైవర్ పడుకున్నాడా, టీ తాగాడా" అని పదిసార్లు అడుగుతాం. అక్కడ డ్రైవర్ మన కడుపున పుట్టినవాడే. వాడిని అడగం. పైగా వాడు ఆవులిస్తే "ఇంకెంతలే నాయనా, వచ్చేశాం" అంటాం.

పిల్లలది తప్పు అనను. ఏళ్ళ తరబడి దాచుకున్న ముచ్చట అది. అమ్మానాన్నలని రప్పించాలి, తిప్పాలి, చూపించాలి. సెలవు దొరకదు, ఉన్నది శని, ఆదివారాలు. ఆదివారం బట్టలు ఉతుక్కోవాలి, వంట చేసి పెట్టుకోవాలి. బస చేస్తే గది అద్దె. అందుకని ఒక్క రోజులో చుట్టేద్దాం అంటారు. మనమేమో "ఎందుకులే నాయనా, వద్దులే" అంటాం. మన 'వద్దు' ఎవరు నమ్ముతారు? విస్తట్లో వడ్డించేటప్పుడు కూడా వద్దు వద్దంటూనే పెట్టించుకునే జాతి మనది. మొహమాటానికి అంటున్నారని పిల్లలు అనుకుంటారు. అందుకే గట్టిగా చెప్పాలి. "రెండు రోజులైతే వస్తా, లేదంటే లోర్న్ దాకా వెళ్ళి వద్దాం" అని తేల్చి చెప్పాలి. ఈ మాట చెప్పాల్సింది మనమే. వాళ్ళు చెప్పలేరు. అలిసిపోయానని ఒప్పుకుంటే అమ్మ బాధపడుతుందని వాళ్ళ భయం.

గది అద్దె దండగ అనేవాళ్ళకి ఒక మాట. ఇద్దరికి విమానం టిక్కెట్లు, వీసా ఫీజు, ఇన్సూరెన్సు కలిపి ఎంతైందో మీకు తెలుసు. అంత పెట్టి అక్కడిదాకా వెళ్ళి, ఒక్క రాత్రి గది దగ్గర లెక్క చూడటం ఏమిటి? ఎకరం మిరపకి పెట్టుబడంతా పెట్టి ఆఖరి తడి ఎగ్గొట్టినట్టు ఉంటుంది. మేము రెండు రోజులు పెట్టుకున్నాం. రాత్రి అపోలో బేలో ఉన్నాం. ఆ రోడ్డు గురించి నేను మీకు చెప్పగలిగేదంతా ఆ తీరికలో చూసిందే.

ముందు ఆ రోడ్డు ఎవరు వేశారో వినండి. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలు. 1919లో మొదలుపెట్టి 1932లో పూర్తి చేశారు. దాదాపు 3,000 మంది. పలుగు, పార, తోపుడు బండి, కొండ పగలగొట్టే మందుగుండు. పెద్ద యంత్రాలు లేవు. డేరాల్లో ఉండేవాళ్ళు. రోజుకి 8 గంటల పని, కూలి పది షిల్లింగుల ఆరు పెన్నీలు. పనిలో చనిపోయినవాళ్ళూ ఉన్నారు. యుద్ధంలో పోయిన తోటివాళ్ళ పేరు మీద ఈ రోడ్డు వేశారు. అంటే ఆ రోడ్డే ఒక స్మారకం. జీలాంగ్ మేయరుగా చేసిన హోవార్డ్ హిచ్‌కాక్ అనే ఆయన దీనికోసం ట్రస్టు పెట్టి, చందాలు పోగుచేసి, తన డబ్బు కూడా పెట్టాడు. 1932 నవంబరులో రోడ్డు తెరిచారు, ఆయన ఆగస్టులోనే చనిపోయాడు. ప్రారంభం రోజు గవర్నరు కారు వెనకాల ఆయన కారుని నడిపించారట. మొదట్లో టోలు వసూలు చేశారు. 1936లో ప్రభుత్వానికి అప్పగించాక అది తీసేశారు. టోలు తీసేసిన రోడ్డు కూడా లోకంలో ఉందని మన గేట్ల దగ్గర ఎవరైనా చెప్తే బాగుండు!

ఈ సిపాయిల మీద ఒక తమాషా కథ చెప్తారు. 1924లో క్యాసినో అనే ఆవిరి ఓడ కేప్ ప్యాటన్ దగ్గర రాళ్ళకి తగులుకుంటే, బరువు తగ్గించడానికి 500 పీపాల బీరు, 120 పెట్టెల మందు సముద్రంలోకి తోసేశారట. అవి కొట్టుకొచ్చి ఒడ్డుకి చేరాయి. రెండు వారాలు రోడ్డు పని బంద్. మన ఉపాధి హామీ పనిలో అలాంటిది జరిగితే మేట్ మస్టర్‌లో ఏం రాసేవాడో!

ఈస్టర్న్ వ్యూ దగ్గర రోడ్డుకి అడ్డంగా చెక్క తోరణం ఉంటుంది. దాని పక్కనే పని చేస్తున్న ఇద్దరు సిపాయిల కంచు విగ్రహాలు. పాత తోరణం 1983 కార్చిచ్చులో కాలిపోతే మళ్ళీ కట్టారు. ఒక్క రోజు బాపతు వాళ్ళు ఇక్కడ దిగి, తోరణం కింద ఫొటో తీసుకుని, ఐదు నిమిషాల్లో ఎక్కేస్తారు. ఆ విగ్రహాల చేతుల్లో పనిముట్లు చూడండి. పలుగు పట్టిన చేతులు మనవి, ఆ కొండని చూస్తే ఎంత చాకిరీయో మనకి తెలిసినట్టు సాఫ్ట్‌వేర్ పిల్లలకి తెలియదు. మా వాడికి అక్కడ నేనే చెప్పాను, గట్టి రాతిలో రోజుకి ఎంత తెగుతుందో.

ఒక కిటుకు రాసిపెట్టుకోండి. అక్కడ కూడా మనలాగే ఎడమ పక్కనే నడుపుతారు. టార్కీ నుంచి పడమరగా వెళ్ళేటప్పుడు సముద్రం ఎడమ చేతి వైపు వస్తుంది. అంటే మన బండి సముద్రం పక్క వరసలోనే పోతుంది, ఆగే చోట్లు కూడా అటే ఉంటాయి, ఎదురు బండ్లని దాటి తిరగక్కర్లేదు. అందుకని పోయేటప్పుడు సముద్రం దారి, వచ్చేటప్పుడు లోపలి దారి. ముందు ఎడమ సీట్లో కూర్చున్నవాళ్ళకి సముద్రం మొత్తం కనపడుతుంది. ఆ సీటు అమ్మలకి ఇవ్వండి. మెల్లగా పోయే బండ్లు పక్కకి తీసి వెనకవాళ్ళకి దారివ్వడానికి అక్కడక్కడా జాగా ఉంటుంది, పిల్లల్ని అక్కడ పక్కకి తీయమనండి. వెనకవాడు తొందరపెడుతున్నాడని మలుపులో స్పీడు పెంచక్కర్లేదు. వెనక సీట్లో కూడా బెల్టు తప్పనిసరి. చీర నలుగుతుందని మానేస్తే జరిమానా.

కెన్నెట్ రివర్ దగ్గర చెట్ల మీద కోలాలు ఉంటాయి, మెడ ఎత్తి చూడాలి. చూశాం, బాగున్నాయి.

ఇక రాళ్ళు. అది సున్నపురాయి. అవును, మన పిడుగురాళ్ళ బట్టీల్లో కాల్చే రాయి జాతే. మనది పాతకాలం నాటి గట్టి రాయి, పలకలుగా తీస్తాం. వాళ్ళది సముద్రం అడుగున గవ్వలు పేరుకుని అయిన మెత్తని రాయి. అలలు కింద నుంచి తొలుస్తాయి. ముందు గుహ, తర్వాత ఆర్చి, ఆర్చి పైకప్పు కూలితే స్తంభం, ఆఖరికి స్తంభం కూడా పోతుంది. వాన నీటికి చేను గట్టు కింద నుంచి కోసుకుపోయి పైన మట్టి వేలాడుతూ ఉంటుంది చూశారా, అదే పని అక్కడ 45 మీటర్ల ఎత్తున జరుగుతోంది. పన్నెండు అంటారు గానీ పన్నెండు ఎప్పుడూ లేవు. తొమ్మిది ఉండేవి. 2005 జులైలో ఒకటి జనం చూస్తుండగానే కూలింది. ఎనిమిది మిగిలాయి. పాత రోజుల్లో వీటిని 'పంది, పందిపిల్లలు' అనేవాళ్ళట. ఆ పేరుతో ఇంతమంది వచ్చేవాళ్ళా అంటే అనుమానమే.

పక్కనే లండన్ బ్రిడ్జి అని ఇంకో రాయి ఉంది. రెండు ఆర్చిలుండేవి, జనం నడిచి పోయేవాళ్ళు. 1990 జనవరి 15న ఒడ్డు వైపు ఆర్చి కూలిపోయింది. అవతల ఇద్దరు మిగిలిపోతే హెలికాప్టర్‌లో తీసుకొచ్చారు. అందుకే చెప్తున్నా, కంచె దాటకండి. ఫొటో బాగా వస్తుందని అంచు మీదకి వెళ్ళే కుర్రాళ్ళని నేనే చూశాను. పైన గడ్డి పచ్చగా ఉంటుంది, కింద ఏమీ ఉండదు. టైము లేనివాడే ఎక్కువగా కంచె దాటుతాడు, పది నిమిషాల్లో పది ఫొటోలు కావాలి కాబట్టి. నీళ్ళ సంగతి కూడా అంతే. ఎరుపు, పసుపు జెండాలు పాతిన చోట, ఆ రెండు జెండాల మధ్యే దిగాలి. మన చీరాల బీచి కాదు అది, కాలు తడుపుకుందామని దిగినా లోపలికి లాగేస్తుంది.

లాక్ ఆర్డ్ లోయ దగ్గర కనీసం ఒక గంట కూర్చోండి. 1878 జూన్ 1న ఇంగ్లండ్ నుంచి మెల్‌బోర్న్ వస్తున్న ఓడ మంచులో దారి కనపడక అక్కడ దీవికి కొట్టుకుంది. మూడు నెలల ప్రయాణంలో ఆఖరి రాత్రి అది. 54 మందిలో బతికింది ఇద్దరే. టామ్ పియర్స్ అనే పనివాడు కుర్రాడు, ఈవా కార్మైకేల్ అనే అమ్మాయి. కుర్రాడు ఈది ఒడ్డుకి చేరి, ఆ పిల్ల కేక విని మళ్ళీ చలి నీళ్ళలోకి దిగి లాక్కొచ్చాడు. గుహలో పడుకోబెట్టి, ఆ కొండ ఎక్కి, పశువుల కాపరులని పిలుచుకొచ్చాడు. ఓడలో అమ్మాయితో ఉన్న కుటుంబం అంతా పోయింది. సమాధులు పైనే ఉన్నాయి. కింద ఇసుకలో నిలబడి ఆ సందు లోంచి వచ్చే అలని చూస్తే, ఎలా ఈదాడా అనిపిస్తుంది. మేము ఉన్నంతసేపట్లో మూడు బస్సులు వచ్చి వెళ్ళిపోయాయి.

అసలు మన కోసం ఉన్న భాగం తిరుగు దారి. ఒక్క రోజు వాళ్ళు అది చీకట్లో దాటేస్తారు, నాకు బాధ కలిగేది అదే. పోర్ట్ కాంప్‌బెల్ నుంచి క్యాంపర్‌డౌన్, కోలాక్ మీదుగా పగలు రండి. అంతా పాడి దేశం. 1950ల తర్వాత అడవి కొట్టి పాడి రైతులకి ఇచ్చిన భూములు కూడా ఉన్నాయి. కాపరి లేకుండా వందల ఆవులు కంచెల్లో మేస్తుంటాయి. ఇవాళ ఈ మడి, రేపు పక్క మడి, మేసిన చోట గడ్డి మళ్ళీ లేచే దాకా అటు వదలరు. మిగిలిన గడ్డిని గుండ్రంగా చుట్టి ప్లాస్టిక్ చుట్టేసి పాతర గడ్డి చేస్తారు. క్యాంపర్‌డౌన్, కోలాక్ మధ్య అగ్నిపర్వతపు రాళ్ళ నేల ఉంది. పాత రైతులు పొలంలో రాళ్ళు ఏరి, సున్నం లేకుండా సిమెంటు లేకుండా గోడలుగా పేర్చారు. ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. మన మాచర్ల వైపు చేలల్లో రాళ్ళు ఏరి గట్టున పోసినవాళ్ళకి ఆ గోడ విలువ తెలుస్తుంది. మా వాడు ఆ దారిన ఎన్నోసార్లు వెళ్ళాడట, గోడలు ఎప్పుడూ చూడలేదన్నాడు. ఎప్పుడు వెళ్ళినా రాత్రే మరి.

రెండు రోజులు కుదరకపోతే ఏం చేయాలి? లోర్న్ దాకానో, మహా అయితే అపోలో బే దాకానో వెళ్ళి వెనక్కి రండి. రాళ్ళు కనపడవు, కానీ రోడ్డు అందం ఎక్కువ భాగం అక్కడికే వచ్చేస్తుంది. లేదూ, రాళ్ళు చూడాల్సిందే అంటే, టూరు బస్సు ఎక్కండి. డ్రైవర్ వేరే ఉంటాడు, మీ వాడు మీ పక్కన కూర్చుని మీతో మాట్లాడతాడు. కారు తోలేవాడు అద్దంలో మీ మొహం చూడటమే తప్ప మాట్లాడేదేముంది? రైలు మీద జీలాంగ్ వెళ్ళి, అక్కడి నుంచి బస్సులో లోర్న్, అపోలో బే వెళ్ళే దారీ ఉంది. ఇద్దరు డ్రైవింగ్ వచ్చినవాళ్ళుంటే మార్చుకుంటూ తోలండి, కానీ అప్పుడు కూడా ఒక రాత్రి ఉండటమే నా ఓటు.

పిల్లలు అక్కడ లేనివాళ్ళకి ఒక మాట ఉందన్నాను కదా. మనవాళ్ళు తిరిగి రాగానే రచ్చబండ దగ్గర మనం అడిగేది "పన్నెండు రాళ్ళూ చూశావా, ఫొటో ఏదీ" అని. స్టేటస్‌లో ఆ ఫొటో లేకపోతే ఆస్ట్రేలియా వెళ్ళనట్టే చూస్తాం. ఆ ఫొటో కోసమే సగం పరుగు. ఈసారి వచ్చినవాళ్ళని గడ్డి ఎలా కోస్తున్నారో, ఆవు ఎన్ని లీటర్లు ఇస్తోందో అడగండి.

ఈస్టర్ సెలవుల్లో గదులు దొరకవు. ఏప్రిల్‌లో వెళ్ళేవాళ్ళు ముందే మాట్లాడుకోమనండి. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళండి. లోర్న్, అపోలో బే ఒడ్డున పార్కుల్లో ఉచితంగా వేడి చేసుకునే కరెంటు పొయ్యిలు ఉంటాయి. అపోలో బే దాటాక బంకులు తక్కువ, అక్కడే ట్యాంకు నింపుకోండి. ఫోను సిగ్నలు కూడా చాలా చోట్ల ఉండదు. జూన్ తర్వాత వెళ్ళేవాళ్ళు ఇంకొంచెం ముందుకి వార్నంబూల్ దాకా వెళ్తే, అదృష్టం ఉంటే తల్లి తిమింగలాలు పిల్లలతో ఒడ్డుకి దగ్గరగా కనపడతాయి. ఆ సముద్రానికి అవతల ఇక అంటార్కిటికానే, గాలి చెవులు కోస్తుంది. ఫొటోలో బాగుండదని పిల్లలు అన్నా సరే, మంకీ క్యాప్ పెట్టుకునే దిగండి.